గోడలో ఏముందో ఎవడికెరుక

మా రోజుల్లో అండమాన్‌లోని మా చౌల్దారీలో ఇల్లంటే గుర్జన్ పలకలు, పడౌక్ గుంజలు, పైన రేకులు. గోడకి ఇటు మేకు కొడితే అటు మొన తేలేది. కరెంటు వైరు చెక్క పట్టీ మీద, అందరికీ కనపడేలా పోయేది. నీళ్ల పైపున్న ఇళ్లే తక్కువ. ఉన్నచోట ఇనప గొట్టం గోడ బయట తుప్పు పట్టి వేలాడేది. చూడ్డానికి బావుండేదని నేననను. కానీ ఎక్కడ ఏముందో పసిపిల్లాణ్ని అడిగినా చెప్పేవాడు. పనిచేసేవాడు ఏదైనా విరగ్గొడితే విరిగిందీ కనపడేది, విరగ్గొట్టినవాడూ కనపడేవాడు.

2002లో సుప్రీంకోర్టు అండమాన్ అడవుల్లో చెట్లు నరకడానికి కళ్లెం వేసింది. 1883 నుంచీ చాథంలో కోతలు కోస్తున్న రంపపు మిల్లు జోరు తగ్గింది. అడవి మిగిలింది, సంతోషం. కలప మాత్రం మాబోటివాళ్ల చేతికందకుండా పోయింది. అందరం సిమెంటు గోడల్లో దూరాం. పైపులూ వైర్లూ కూడా మాతోపాటే గోడల్లో దూరాయి. కన్సీల్డు అంటారు. కన్సీల్డు చేయిస్తే గొప్ప, బయటికి కనపడితే నామోషీ. ప్లాస్టరింగు అయ్యాక ఏ పైపు ఎటు పోయిందో కట్టించుకున్నవాడికీ తెలీదు, కట్టిన కాంట్రాక్టరు ఫోనెత్తడు.

మొన్న ఎండాకాలం మా వంటింట్లో నీళ్ల ఫిల్టరు బిగించడానికి ఒక కుర్రాడు వచ్చాడు. పెన్సిల్‌తో గోడ మీద నాలుగు చుక్కలు పెట్టాడు. చుట్టూ టక్‌టక్‌మని తట్టి చూశాడు కూడా, పని రానివాడు కాదు. మూడో చుక్క దగ్గర డ్రిల్లు చప్పుడు మారింది. ఎర్రటి పొడి కాస్తా తడి ముద్దై జారింది, ఆ వెనకే పిచికారీలా నీళ్లు! టైలు పెట్లి, పక్క రెండు టైల్స్‌కి కూడా జుట్టు మందాన గీత పాకింది. కట్టేద్దామని పైకి పరిగెత్తితే వాల్వు బిగుసుకుపోయి తిరగలేదు. ట్యాంకులో నీళ్లన్నీ వంటింట్లో పారి వాకిట్లోకి వచ్చాయి. వానలకు పెట్టింది పేరైన ఈ ద్వీపాల్లో ఏప్రిల్ నెల నీటి కరువు ఎలా ఉంటుందో ఇక్కడ కాపురం చేసినవాడికే తెలుసు. నాకు టైలు కన్నా నీళ్లకి కడుపు మండింది.

“తాతగారూ, గోడలోన పైపుందని నాకేటి తెల్సు? మీరు సెప్పాల కదా” అన్నాడు.

తప్పు నాదట! నాకు తెలిస్తే చెప్పనా? కానీ నిజం చెప్పుకోవాలి, వాడికీ తెలిసే దారి లేదు. గోడ లోపల గొట్టాన్ని పట్టే డిటెక్టర్లు ఉన్నాయట. అవీ లోహాన్ని పసిగట్టినట్టు ప్లాస్టిక్ పైపుని పసిగట్టవట. మా తమ్ముడి కొడుకు ఇంగ్లండు నుంచి ఫోన్లో ఈ జ్ఞానమంతా ఇచ్చాడు. అక్కడ ప్లంబర్లు చాలామంది తమ చేతుల్లో ఎదుటివాడి సొత్తు పాడైతే కట్టడానికి బీమా ఉంచుకుంటారట. చట్టం పెట్టుకోమన్నందుకు కాదు, లేకపోతే ఎవరూ పనికి పిలవరట. ఇక్కడ ఆ కుర్రాడికి ఉన్నదల్లా ఒక స్కూటీ, ఒక డ్రిల్లు. బీమా అంటే ఆ స్కూటీకే ఉందో లేదో.

మా రోజుల్లో దీనికి బీమా ఊరే. పనివాడి పేరు తెలుసు, వాళ్ల నాన్న పేరు తెలుసు, శ్రీకాకుళంలో ఏ ఊరివాళ్లో తెలుసు. ఇప్పుడు నా ఫోన్లో ఈ కుర్రాడి పేరు ‘ప్లంబరు కొత్త’. పాతవాడు ‘ప్లంబరు’. ఇద్దరి ఇంటిపేర్లూ నాకు తెలియవు. అప్పుడు కూలి పనయ్యాక చేతిలో పెట్టేవాళ్లం. ఇప్పుడు సామాన్లు కొనాలని ముందే ఫోన్లో సగం లాగుతారు. ముందే సొమ్ము పుచ్చుకున్నవాడికి సాయంత్రం మన మొహం చూడాల్సిన అవసరమేంటి?

అలాగని ఆ రోజులన్నీ ధర్మరాజు పాలన అనుకోకండి. మా చిన్నప్పుడు వానలకు ముందు రేకులు తిప్పి కొట్టడానికి ఒకాయన వచ్చాడు. రేకు జారి, నడవలో ఎండకి పెట్టిన ఆవకాయ జాడీ మీద పడింది. ఆ జాడీ వైజాగ్ నుంచి ఓడలో, గడ్డి చుట్టి, మా అమ్మ ఒళ్లో పెట్టుకు తెచ్చింది. మామిడికాయ సంగతి అటుంచండి, అలాంటి జాడీ ఇక్కడ కొందామన్నా దొరకదు. ఎర్రటి నూనె గడప దాటి చీమల దాకా పోయింది. పెద్దలిద్దరు వచ్చి టీ తాగి తీర్పు చెప్పారు: రెండు రోజుల కూలి కోత. ఆ మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడమని ఎవరూ అనలేదు కూడా. గాలి కొట్టిందా, నిచ్చెన పట్టుకున్న మా బాబాయి చెయ్యి వదిలాడా అని విచారణే లేదు. కూలివాడు, పైన ఉన్నాడు, కింద పగిలింది, అంతే లెక్క. మరుసటేడు మళ్లీ ఆయనే వచ్చి రేకులు బిగించాడు. వేరే ఎక్కడికి పోతాడు? మేం దాన్ని మంచితనం అనుకున్నాం.

ఇప్పుడు చట్టం ఉందంటారు. ఉంది, కాదనను. 1986లో వినియోగదారుల చట్టం వచ్చింది. దాన్ని తీసేసి 2019లో కొత్తది చేశారు, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. డబ్బు పుచ్చుకుని చేసిన పనిలో అజాగ్రత్త వల్ల మన సొత్తు పాడైతే జిల్లా కమిషన్‌కి ఫిర్యాదు పెట్టుకోవచ్చు. వకీలు అక్కర్లేదు. 5 లక్షల లోపు సొమ్ముకి ఫీజు లేదు. రెండేళ్ల లోపు పెట్టాలి. పనివాడు ఎక్కడివాడైనా మనమున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, ఇది కొత్త చట్టం చేసిన మేలు. 1915కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. పైసా పుచ్చుకోకుండా చేసిన పని మాత్రం ఈ చట్టం లెక్కలోకి రాదు. మా కాలంలో చేపల కూర తిని బావి గిలక బాగుచేసి పోయినవాడి సంగతి ఏమవుతుందో వకీళ్లే చెప్పాలి.

ఇక ఫ్యానో మిక్సీయో షాపులో ఇచ్చి వస్తే, దానికి ఇంకా పాత చట్టముంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఆ ఏడాదే ఫిబ్రవరిలో మన హోప్‌టౌన్ జెట్టీ దగ్గర వైస్రాయి లార్డ్ మేయోని షేర్ అలీ పొడిచి చంపాడు. అంత పాతది! మామూలు తెలివిగలవాడు తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, చేతికిచ్చినవాడి వస్తువునీ అంత జాగ్రత్తగా చూడాలి అని దాని సారం. చూసి కూడా పాడైతే బాధ్యత లేదు. అలాగే ఒప్పుకున్న పని సరిగ్గా చేసినవాడు కూలి ఇచ్చేదాకా వస్తువు తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఈ రెండో ముక్క మన షాపువాళ్లకి కంఠతా వచ్చు, మొదటిదే నోరు తిరగదు.

కానీ మూడు టైల్స్ కోసం బస్సెక్కి పోర్ట్ బ్లెయిర్ కమిషన్‌కి ఎవడు పోతాడు? (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, కండక్టరు మాత్రం ఇంకా పాత పేరే అరుస్తున్నాడు.) మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, పరీక్షలు అవసరమైతే ఐదు నెలలు. అన్నాళ్లూ కారే పైపుతో నేను కూచోవాలా? పైగా రుజువు కావాలి. గోడ ముందు ఎలా ఉందో ఫొటో ఉందా? 2004 డిసెంబరు 26 పొద్దున ఊగినప్పుడు పగిలిన గీతలు ఈ ద్వీపాల్లో ఎన్నో పాత గోడల మీద ఉన్నాయి. ఇది డ్రిల్లు గీతా, భూకంపం గీతా అని ఎదుటివాడు అడిగితే? మా గోడ ఆ తర్వాత కట్టినదే కాబట్టి ఆ మాట రాలేదు గానీ, మా పక్కింటాయన ఇదే తగాదాలో నోరు మూసుకుని డబ్బులిచ్చుకున్నాడు. అందుకే ఇప్పుడు మా కోడలు ఎవరు పనికొచ్చినా ముందు ఫోను తీసి గోడ గోడా ఫొటో తీస్తుంది. కూలి ఎంతో, విరిగితే ఎవరిదో వాట్సాప్‌లో వాయిస్ పెట్టించుకుంటుంది. మా అమ్మ చూస్తే, ఇంటికొచ్చినవాణ్ని దొంగలా చూస్తావేమే అని తిట్టేది. నేనేమీ అనలేదు, వయసైపోయింది.

టైలు దగ్గర అసలు పేచీ పడింది. ఈ ద్వీపాలకి టైలు చెన్నై నుంచో కోల్‌కతా నుంచో ఓడలోనే రావాలి. పెట్టె మీద బ్యాచి నంబరు, షేడు నంబరు ఉంటాయి. అదే కంపెనీ, అదే డిజైను తెచ్చినా షేడు మారితే గోడకి బొల్లి వచ్చినట్టుంటుంది. కాబట్టి నష్టం మూడు టైల్సా, గోడ మొత్తమా? గోడంతా మార్పించమని మా ఆవిడ. మూడింటికే ఇస్తానని కుర్రాడు. గోడంతా కొత్తది వేయిస్తే ఏళ్లనాటి పాత గోడకి బదులు నాకు కొత్త గోడ వస్తుంది, ఆ లాభం వాడి నెత్తిన రుద్దడం న్యాయమా? కాదు. అలాగని మచ్చల గోడ నేనెందుకు భరించాలి?

చివరికి పంచాయితీ మా వంటింట్లోనే అయింది. ఈసారి కుర్రాణ్ని కుర్చీలో కూచోబెట్టే మాట్లాడాం. పైపు ముక్క, జాయింటు, సొల్యూషను వాడివి. ఆ రోజు కూలి వదులుకున్నాడు. నీళ్ల ట్యాంకరు ఖర్చు చెరిసగం. ప్లంబింగు గీత కాగితం మీద ఇవ్వకుండా పోయిన కాంట్రాక్టరు వాటా ఎవరివ్వాలో తేలక టైల్స్ ఖర్చు నా మీద పడింది. రంగు కలవదని తెలిశాక మా ఆవిడ నీలం పూలున్న టైల్స్ ఒక వరుస మొత్తం వేయించింది, కావాలనే పెట్టుకున్నట్టు. బాగానే ఉంది.

బొగ్గుముక్కతో ఆ గోడ మీదే పైపు ఎటు పోయిందో గీత గీయమన్నాను కుర్రాణ్ని. మార్కరుంది తాతగారూ అన్నాడు. టైల్స్ వేయకముందే గీయించి కోడలి చేత ఫొటో తీయించాను. వచ్చే నెల గీజరు బిగించాలి. అటుపక్క గోడ సంగతి ఆ కాంట్రాక్టరుకే తెలియాలి, వాడింకా ఫోనెత్తడం లేదు.