లేటెన్సీ బావ

కవిటిలో మా బావ ఇల్లు ఎక్కడని ఎవర్నడిగినా చెప్తారు. చెప్పే ముందు "ఆ స్టూడియో ఆయనిల్లేనా?" అని తిరిగి అడిగి, చిన్నగా ఓ నవ్వు నవ్వుతారు. స్టూడియో ఉన్న మాట నిజమే. ఒకప్పుడు కొబ్బరికాయలు పోసుకునే కొట్టుగది, 12 ఏళ్లుగా స్టూడియో. అందులోంచి బయటికొచ్చిన పాట మాత్రం ఇంతవరకు ఒక్కటీ లేదు. కాయలున్న రోజుల్లోనే నయం, కనీసం లారీ వచ్చేది.

ఇలాంటి బావ మాకొక్కరికే లేడు. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా వెతికితే ఊరికొకడు దొరుకుతాడు. పాటగాడు ఎదురైతే గొంతు సంగతి అడగడు, ప్రాసెసర్ సంగతి అడుగుతాడు. మొన్న పక్కింటాయన, కూతురికి ఇంజనీరింగ్ సీటొచ్చింది, ఏ లాప్‌టాప్ కొనమంటావని వచ్చాడు. "ఎన్ని ట్రాకులు?" అన్నాడు బావ. ఆయన బిక్కమొహం వేసి, "ఒక్కతే కూతురు బావూ" అన్నాడు.

ఒక ఏడు జీడిపిక్కల డబ్బు 16 జీబీ ర్యామ్ అయింది. రెండు దింపుల కొబ్బరి ఎస్‌ఎస్‌డీ అయింది. పెరట్లో పనసచెట్టు కండెన్సర్ మైకు అయింది. అక్క మెడలో గొలుసు ఇంకా గొలుసుగానే ఉంది. రాత్రి కూడా తియ్యదు మరి. "1989లో రెహమాన్ కోడంబాకంలో ఇంటి పెరట్లోనే కదే స్టూడియో పెట్టాడు" అంటాడు బావ. "1992కల్లా రోజా పాటలిచ్చాడాయన. నువ్వు బిల్లులిచ్చావు" అంటుంది అక్క.

బావకి లేటెన్సీ బావ అన్న పేరు రావడానికి కారణం ఉంది. మైకు ముందు పాడిన మాట కంప్యూటర్లోకి వెళ్లి, తిరిగి పాడినవాడి చెవిలో పడేసరికి కాస్త ఆలస్యమవుతుంది. దాన్నే లేటెన్సీ అంటారు. కంప్యూటరు ధ్వనిని చుక్కచుక్కగా పుచ్చుకోదు, బిందెతో పడుతుంది. ఆ బిందె పేరు బఫర్. "సెకనుకి 48,000 శాంపిళ్ల లెక్కన, 1024 శాంపిళ్ల బఫరు పెట్టావనుకో. రావడానికో బిందె, పోవడానికో బిందె. రెండూ కలిపి 43 మిల్లీసెకన్లు. ఈలోపు గాలిలో శబ్దం 48 అడుగులు నడిచిపోద్ది" అంటూ గుమ్మంలోకి లాక్కెళ్లి కొబ్బరిచెట్టు చూపిస్తాడు. "నువ్వు మొదట్లో నిలబడి పాడితే, నీ గొంతు నీకు మొవ్వులోంచి వినబడ్డట్టు! తాళం నిలుస్తాదా?" బఫరు 128కి దించితే ఆ దూరం ఆరడుగులకొస్తుంది. అయితే బిందె చిన్నదైతే నూతికి ఎక్కువసార్లు తిరగాలి. ప్రాసెసర్‌కి ఆయాసమొచ్చి, పాట మధ్యలో టపటపమని చిటపటలు పడతాయి. పాడేటప్పుడు బఫరు తగ్గించి, కలిపేటప్పుడు పెంచుకుంటే గొడవే లేదు. అదీ ఆయనకి తెలుసు. తెలియందల్లా పాడే వేళ ఎప్పుడొస్తుందన్నదే.

నిజం చెప్పొద్దూ, విద్యలో బావకి వంక పెట్టలేం. 24 ట్రాకులు నిండా నింపి 5 నిమిషాల పాట రికార్డు చేసినా సుమారు 1 జీబీయే అవుతుందని ఆయనే నాకు లెక్క కట్టి చూపించాడు. సెకనుకి మూడున్నర ఎంబీ. పాత హార్డుడిస్కు కూడా ఆవలిస్తూ మోసేస్తుంది. కంప్యూటర్ని తినేసేవి ట్రాకులు కావు, ఎఫెక్టులు. 24 ట్రాకులకీ గొంతుకి మోత తెచ్చే రివర్బులు 24 తగిలించడమంటే ఇంటికో నుయ్యి తవ్వుకోవడం. ఒకే రివర్బు పెట్టి అన్ని గొంతుల్నీ కావలసినంత అందులోకి పంపితే ఊరంతటికీ ఒక్క నుయ్యి చాలు. ఎఫెక్టు కుదిరిన ట్రాకుని ఫ్రీజ్ చెయ్యడమంటే ఉడికిన అన్నం కింద మంట తీసెయ్యడం. ఇంత చక్కగా చెప్పి, చివర్లో "అందుకే 32 జీబీ ఉండాలి" అంటాడు. ఆ 'అందుకే' ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

"1967లో వచ్చిన సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్ అంతా బీటిల్స్ 4 ట్రాకుల యంత్రాల మీదే చేశారు కదా బావా" అన్నాను ఓసారి. "మరి అందుకే విడిపోయారు" అన్నాడు.

ఒకసారి జముకు వాయించే తాతని పిలిపించాడు. తాత తువ్వాలు దులిపి కూర్చున్నాడు. కంప్యూటర్‌లో అప్‌డేట్ మొదలైంది. తాత మూడు టీలు తాగాడు. అప్‌డేట్ అయ్యాక డ్రైవరు పోయింది. "డ్రైవరు లేడట తాతా" అన్నాను. "మరేటి, ఆటోలో ఎల్లిపోతాన్లే" అని జముకు చంకన పెట్టుకుని లేచాడు. బావ డౌన్‌లోడ్ చేసుకున్న వాయిద్యాల లైబ్రరీ 60 జీబీ. అందులో నలభై రకాల వయొలిన్లున్నాయి. జముకు లేదు.

కంప్యూటర్ కుదిరాక చప్పుళ్ల మీద పడ్డాడు. మొదట గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించాడు. వాటివల్ల ఊళ్లో గుడ్ల వ్యాపారం పెరిగింది గానీ చప్పుడు తగ్గలేదు. తర్వాత డబ్బు పోసి నురుగు పలకలు తెప్పించాడు. ఆ గదిలోనే వెనక మూల కొబ్బరిపీచు మూటలున్నాయి. శబ్దాన్ని పీల్చుకోవడంలో మందంగా పరిచిన పీచు ఏమీ తీసిపోదు. అది అడ్డంగా ఉందని బయట పారేయించాడు. ఫ్యాను ఆపించాడు. కరెంటు తీగల్లోంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనేదాన్ని పట్టుకున్నాడు. ఆర్టీసీ బస్సు, కాకులు, దూరంగా సముద్రం హోరు, అన్నిటికంటే మొండిది పక్క తోటలో కొబ్బరాకుల గలగల. కవిటిలో ఏ చప్పుడు ఎప్పుడు పుడుతుందో ఈయనకి తెలిసినంతగా కవిటికి కూడా తెలియదు.

నాయిస్ తీసెయ్యాలంటే ముందు ఎవరూ మాట్లాడకుండా ఉత్త చప్పుణ్ణి కొన్ని సెకన్లు రికార్డు చెయ్యాలి. సాఫ్ట్‌వేరు దాన్ని చూసి నేర్చుకుని, పాటలోంచి ఏరేస్తుంది. 2017 వేసవిలో బావ, ఎందుకైనా మంచిదని, కొన్ని సెకన్లకి బదులు 40 నిమిషాలు పట్టాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. పక్క తోటలో చెట్టు నిలబడలేదు. చాలా రోజులు కరెంటు రాలేదు. ఫ్యాను లేదు, గుయ్‌మనడం లేదు, ఆకు గలగల లేదు. బావ కోరుకున్న నిశ్శబ్దం వచ్చింది. ఆ రోజుల్లో ఆయన స్టూడియో తలుపు తియ్యలేదు. ఆ తోట మా చిన్నాన్న కొడుకుది. తర్వాత ఏడు వాడు గల్ఫు వెళ్లిపోయాడు.

నిరుడు వాడే, మామ్మ పాట రికార్డు చేసి పంపమని అడిగాడు. ఆశ్చర్యం, మామ్మ పాడింది, కంప్యూటరు ఆగలేదు. ఒక్క ట్రాకు. ప్రాసెసర్ మీటరు కదల్లేదు. అంత ఖాళీ యంత్రాన్ని చూసి బావ ప్రాణం ఒప్పుకుంటుందా? రివర్బు వేశాడు, దాని మీద ఎకో వేశాడు, మళ్లీ రివర్బు వేశాడు. మామ్మ చెవికి హెడ్‌ఫోన్ పెట్టాం. రెండు నిమిషాలు వింది.

"ఓలమ్మా, ఎవల్రా నూతిలో పడిపోనారు?"

"అది నీ గొంతే మామ్మా."

"మరి సూత్తారేట్రా, పైకి తియ్యండి!"

ఆ తీసే హడావిడిలో బావ తప్పు ఫైలు పంపేశాడు. వారం తర్వాత గల్ఫు నుంచి ఫోనొచ్చింది. స్పీకర్లో పెట్టాం.

"బావా, పాట రాలేదు. 40 నిమిషాల చప్పుడొచ్చింది" అన్నాడు వాడు. బావ నాలిక్కరుచుకున్నాడు. "తుడిపీకు బావా. అందులో ఆకు గలగల మా తోటదే కదా. మధ్యలో అక్క అన్నానికి పిలిచింది కూడా ఉంది. రోజూ అది పెట్టుకునే పడుకుంటన్నాను."

బావ చాలాసేపు ఏమీ అనలేదు. అక్క పమిట చెంగు కళ్లకద్దుకుంది. ఈసారికి మనిషి దారికొచ్చాడనుకున్నాను.

గొంతు సవరించుకుని అడిగాడు:

"ఏ హెడ్‌ఫోన్‌లో విన్నావురా?"