గరిక పీకి గడ్డి వేశారు

మా విజయనగరం ఇంటి పెరట్లో మా వాడు గడ్డి పరిపించాడు. అవును, పరిపించడమే. కడియం నర్సరీల నుంచి చాపల్లాగ చుట్టి వ్యాన్లో తెచ్చారు. కొరియన్ గడ్డిట. దాని మీద చెప్పులతో తిరక్కూడదు. నీళ్లు పొద్దున్నే పెట్టాలి, రాత్రి తడి నిలిస్తే తెగులొస్తుంది. కత్తిరిస్తే మూడోవంతే కత్తిరించాలి. బాలింతక్కూడా ఇన్ని పథ్యాలుండవు.

అది వేసేముందు ఇద్దరు మనుషుల్ని పెట్టి రెండ్రోజులు ఏటి తవ్వించాడనుకున్నారు? గరిక. గడ్డి వెయ్యడానికి గడ్డి పీకడం! "ఏట్రా ఇది?" అంటే "అది కలుపు నాన్నా" అన్నాడు. అమెరికా వాళ్లు బెర్ముడా గడ్డి అని పేరెట్టి గోల్ఫ్ మైదానాల్లో ముద్దుగా పెంచుకునేది ఈ గరిక జాతినే. మన పెరట్లో దానంతటది మొలిచింది కనక కలుపైపోయింది.

మా రోజుల్లో పెరడు ఏడాదంతా ఒక్కలాగే ఉండాలని ఎవరూ కోరుకోలేదు. రోహిణి ఎండలకి నెర్రెలిచ్చి బోసిగా ఉండేది. అప్పుడే మా నాన్న గునపంతో గుల్ల చేసి, తట్టలతో గత్తం మోసి చల్లేవాడు. తిరగేసిన మట్టిలో తుంగ గడ్డలు ఆ ఎండకి మాడిపోయేవి. జూన్ రెండో వారంలో, మృగశిర చినుకు పడగానే, అమ్మ ఆనప, బీర, గుమ్మడి గింజలు పెట్టేది. ఇక వానాకాలమంతా పిల్లలకి బొరిగి పని. తుంగ పైఆకు పీకితే లాభం లేదు, అడుగున గడ్డ చేతికి రావాలి. గడ్డ వదిలేసిన వాడికి మొట్టికాయ. గరిక మాత్రం కోసి ఆవుకి వేసేవాళ్లం. మా గడ్డి మిషను ఆవే. పెట్రోలు అడక్కుండా పాలిచ్చేది, గత్తమిచ్చేది. దసరా వెళ్లి పైడితల్లమ్మ సిరిమాను తిరిగేనాటికి పందిరి నిండా ఆనపకాయలు. ఎవరొచ్చినా ఒకటి చేతిలో పెట్టి పంపడమే. ధనుర్మాసంలో వాకిలి చెక్కి పేడనీళ్లు చల్లితే, గొబ్బెమ్మల మీదకి గుమ్మడిపూలు పెరట్లోంచే వచ్చేవి.

ఆవుని అమ్మింది నేనేలెండి. ఆ మాట మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పనసచెట్టుంటే ఈ కొరియన్ వైభవం సాగేది కాదు, ఆ గడ్డికి నీడ పడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఆ చెట్టుని వేళ్లతో సహా పడగొట్టింది. ఉద్దానంలో మా చుట్టాల కొబ్బరితోట 2018 అక్టోబర్‌లో తిత్లీకి నేలమట్టమైతే, వాళ్లు ఏడ్చి, మళ్లీ మొక్కలు నాటారు. మా వాడు మాత్రం "మంచి ఎండ తగులుతోంది నాన్నా" అన్నాడు.

ఇంగ్లండు దొరలు పెద్దపెద్ద బంగళాల ముందు గడ్డి పెంచారంటే అర్థముంది. పంట వెయ్యక్కర్లేనంత భూమి ఉందని నలుగురికీ చూపించుకోవాలి. వాళ్లు కూడా 1830లో బడ్డింగ్ అనే ఆయన కోత యంత్రం కనిపెట్టేదాకా గొర్రెలతోనూ కొడవళ్లతోనూ నెట్టుకొచ్చినవాళ్లే. మనకున్నది పది సెంట్లు. అందులో సగం గడ్డి! బీరకాయలు మాత్రం బజార్లో కొనాలి.

మొన్న వినాయక చవితికి మా వాడు పత్రి కట్ట కొనుక్కొచ్చాడు. విప్పి చూస్తే మారేడుంది, ఉమ్మెత్తుంది, గరిక లేదు. మళ్లీ బండి తీసి బజారుకి పరిగెత్తాడు.

వాడటు వెళ్లగానే మనవడు వచ్చి నా చెయ్యి పట్టుకుని పెరటి కుళాయి దగ్గరికి లాక్కెళ్లాడు. కొరియన్ చాపల అతుకులోంచి జానెడు గరిక, కణుపు కణుపుకీ వేరు దింపుకుని పాకుతోంది. "తాతా, ఇది కలుపు కదా, పీకీనా?" అన్నాడు. పూజకి కావలసినంత గిల్లి వాడి దోసిట్లో పెట్టాను. మిగతాది కనపడకుండా బకెట్టు అడ్డం పెట్టాను.