పాసింగ్ షాట్ పద్యం: టీకా తాత్పర్య సహితం

వలకు ముందు నిలిచి వాలీలు గొట్టెడు
వాని జూడ వద్దు, బంతి జూడు;
పాదములకు మొదట పడవేసి మరుబంతి
ఖాళిలోకి పంపు గాలి వోలె.

అవతారిక: ఉదయం ఆరున్నర. మావయ్య మోకాలికి బెల్టు బిగించి నెట్ దగ్గర కాపు కాశాడు. శిష్యుడు బేస్‌లైన్ నుంచి కొట్టిన ఇరవై బంతుల్లో పదకొండు నెట్‌కు, ఆరు వెనక కంచెకు, మూడు నేరుగా మావయ్య రాకెట్‌కు సమర్పితమైనవి. అది చూడలేక కోచ్ ఆశువుగా చెప్పినదీ ఆటవెలది.

ప్రతిపదార్థం: వలకు ముందు నిలిచి = మధ్యలో 3 అడుగులు, గుంజల దగ్గర 3½ అడుగుల ఎత్తుండే నెట్‌కు చేరువలో నిలబడి; వాలీలు గొట్టెడు వానిన్ = బంతిని నేల తాకనివ్వని మావయ్యను; చూడవద్దు = ఎటు కదిలాడా అని ఓరకంటనైనా చూడకు; బంతి జూడు = స్పష్టం (వ్యాఖ్యాతకు చేతకాని చోట ఈ మాట రాయడం సంప్రదాయం); పాదములకు = బూటు లేసుల దగ్గర; పడవేసి = నెట్ దాటగానే దిగిపోయేలా టాప్‌స్పిన్‌తో దించి; మరుబంతిన్ = అతడు నడుం వంచి లేపిన బంతిని; ఖాళిలోకి = అతడు లేని వైపుకు; గాలి వోలె = తగలకుండా; పంపు = పంపుము.

తాత్పర్యం: నెట్ దగ్గర నిలిచినవాణ్ణి దాటించి కొట్టే పాసింగ్ షాట్ ఒక దెబ్బ కాదు, రెండు. నెట్ కన్నా ఎత్తులో అందిన బంతిని మావయ్య కిందికి దంచుతాడు. కాళ్ల దగ్గర అందినదాన్ని పైకి లేపక తప్పదు. ఆ లేచిన బంతే నీది. అందుకే సాధనలో కోచ్ నియమం: మొదటి బంతితో గెలిచినా పాయింటు లేదు.

శంక: టెన్నిస్ దిగ్గజం బోర్గ్ ఒక్క దెబ్బతో పాస్ చెయ్యలేదా?

సమాధానం: చేశాడు. అయినా 1980 వింబుల్డన్ ఫైనల్లో, పదే పదే నెట్ మీదికొచ్చే మెకన్రోకు నాలుగో సెట్ టైబ్రేక్ 16-18తో సమర్పించుకొని, ఐదో సెట్ 8-6తో గాని గట్టెక్కలేదు. మనకు ఐదు సెట్ల ఊపిరి లేదు.

విశేషాలు: ‘ఖాళీ’లో దీర్ఘాన్ని ఛందస్సు మింగింది, కోర్టులో ఖాళీని మావయ్య మింగుతాడు. ఏ వైపు ఖాళీ అన్నది కవి తేల్చలేదు. సింగిల్స్ కోర్టు పొడవు 78 అడుగులు, వెడల్పు 27. మూల నుంచి మూలకు దాదాపు 82½. కనుక క్రాస్‌కోర్టు కొడితే చోటు ఎక్కువ, నడిమి నెట్ పొట్టి. గీత వెంట కొడితే ఆ రెండు సౌకర్యాలూ పోతాయి. మావయ్యకు వ్యవధీ పోతుంది.

పాఠాంతరం: నాలుగో పాదం ‘తలకు పైన పంపు’ అని కొందరు చదువుతారు. గణాలు కుదిరినా యతి చెడింది. లాబ్ వేసి ఒకసారి బతికిపోయిన వారెవరో చేర్చిన ప్రక్షిప్తం. మావయ్య ఆరడుగుల మనిషి గనుక అగ్రాహ్యం.

ఫలశ్రుతి: దీన్ని రోజుకు వంద బంతుల చొప్పున పారాయణ చేసినవారికి మావయ్య నెట్ దగ్గరికి రావడమే మానేస్తాడు. అప్పుడు డ్రాప్ షాట్ వేసి రప్పించుకోవాలి. దానికి వేరే పద్యం ఉంది.