చెయ్యి మారే చోట ఎవరున్నారు?

మా రోజుల్లో చెరకు మిల్లులో పొద్దున షిఫ్టు ఆరింటికి అంటే, మనిషి ఐదూ ముప్పావుకే మిల్లు హౌస్‌లో ఉండేవాడు. ఆ పావుగంటకు జీతం లేదు. అయినా ఎవరూ ఎగ్గొట్టేవారు కాదు. దిగే షిఫ్టు ఇంచార్జీ, ఎక్కే షిఫ్టు ఇంచార్జీ ఇద్దరూ కలిసి కేన్ క్యారియర్ దగ్గర మొదలుపెట్టి, రోలర్ల పక్కగా బాయిలర్ దాకా నడిచేవారు. ఒక్కో బేరింగు మీద అరచెయ్యి పెట్టి చూసేవారు. "ఇది రాత్రి రెండు నుంచి వేడెక్కుతున్నది. నూనె పెంచిన. జర కన్నేసి ఉంచు" అని నోటితో చెప్పి, విన్నవాడు తలూపాకే రిజిస్టర్‌లో సంతకం పడేది.

మొన్న దసరాకు మా తమ్ముడి కొడుకు వచ్చాడు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పదకొండు మందికి టీమ్ లీడర్. పండుగ మర్నాడే బోధన్‌లో మా ముందు గదిలో ల్యాప్‌టాప్ తెరిచాడు. పొద్దుగాల తొమ్మిదింటి నుంచి చీకటి పడేదాకా మీటింగులే. లెక్కపెట్టాను, ఏడు. రాత్రి పదింటికి ఫోను మోగింది. తెల్లారేసరికి అప్పజెప్పాల్సిన పని సగంలో ఆగింది. మొదటి సగం చేసిన అమ్మాయి తన భాగం ముగించి గ్రూపులో పెట్టింది. మిగతా సగం అందుకోవాల్సిన అబ్బాయి అది చూడలేదు. చివరికి మావాడే రాత్రి రెండింటి దాకా కూర్చుని పూర్తి చేశాడు.

"ఏడు మీటింగులల్ల ఈ ఒక్క ముచ్చట ఎందుకు రాలేదు కొడుకా?" అని అడిగాను.

"అవి స్టేటస్ మీటింగులు పెద్దబాపూ. ఎవరి పని ఎంతైందో చెప్తరు."

ఎంతైందో చెబుతారు. ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో చెప్పరు. నా బాధంతా ఇక్కడే. ఈ చెరకు బెల్టులో ఒక మిల్లులో బతుకంతా కొలువు చేసి నేను నేర్చుకున్నది ఒక్కటే: పని ఒకరి చేతిలో ఉన్నంతసేపు అంత తొందరగా చెడదు. చెయ్యి మారేటప్పుడే చెడుతుంది. పెద్ద అనిపించుకున్నవాడు నిలబడాల్సింది ఆ చోటనే.

ఈ నేలకు ఆ పాఠం కొత్తది కాదు. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ లాంటి ఇంజనీరు పర్యవేక్షణలో లేచిన ప్రాజెక్టు అది. ముందు నీళ్లొచ్చాయి. నీళ్లను నమ్ముకుని కృష్ణా, గుంటూరు వైపు నుంచి కూడా రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. కాలువ కింద చెరకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఫ్యాక్టరీ. డ్యాము కాలువకు అందించింది, కాలువ చేనుకు అందించింది, చేను మిల్లుకు అందించింది. ఒకదాని వెనుక ఒకటి, ఏది ముందో ఏది వెనుకో తెలిసి చేసిన పని. ఇవాళ చాలాచోట్ల అన్నీ ఒకేరోజు మొదలుపెట్టి, ఏది దేనికోసం ఆగిందో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

చెరకు పనిలో తప్పించుకోవడానికి వీల్లేని ఒక నియమం ఉంది. కోసిన చెరకు ఎవరి కోసమూ ఆగదు. నరికిన గడియ నుంచి బరువు తగ్గుతూ, లోపలి తీపి విరుగుతూ పోతుంది. ఒకరోజు లోపల రోలర్ల కిందికి పోతే మేలు, ఆలస్యమైన కొద్దీ రైతుకూ నష్టం, మిల్లుకూ నష్టం. వంద కిలోల చెరకు ఆడితే వచ్చే చక్కెర పది కిలోల చుట్టూ ఉంటుంది. ఆ పదిలో అరకిలో జారిపోయినా సీజన్ మొత్తానికి గుండె గుభేలుమంటుంది.

అందుకే మా ఫీల్డ్‌మ్యాన్ రైతుకు కటింగ్ ఆర్డర్ రాసే ముందు చేనులో దిగేవాడు. గడ మొదట్లో ఒక చుక్క రసం, కొసన ఒక చుక్క రసం తీసి బ్రిక్స్, అంటే రసంలో తీపి ఎంతో చూసేవాడు. రెండు అంకెలూ దగ్గరపడితే చెరకు పండినట్టు. కోసిన మోడు నుంచి మళ్లీ మొలిచే కార్శి తోట ముందు పండుతుంది గనుక దానికి ముందు ఆర్డరు, కొత్తగా నాటిన మొక్క తోటకు తర్వాత. మిల్లు రోజుకు ఎంత ఆడగలదో అంత చెరకుకే ఆర్డర్లు. ఆర్డర్ కాగితం చేతిలో పెట్టి, "పటేలా, బుధవారం నరుకుడు, గురువారం పొద్దుగాల కాటా మీద ఉండాలె" అని రైతుతో తిరిగి చెప్పించుకునేవాడు. అవతలివాడి నోటితో మళ్లీ పలికించాకే చెప్పిన మాట చేరినట్టు లెక్క. ఇప్పుడు దీన్ని పెద్ద పెద్ద ట్రైనింగుల్లో నేర్పిస్తున్నారట. మా ఫీల్డ్‌మ్యాన్ చదివింది పదో తరగతి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కొలువులో చేరిన రెండో సీజన్. రాత్రి పదింటి షిఫ్టు ఎక్కాను. దిగేవాడు ఇంటికి పోయే తొందరలో ఉన్నాడు, నేను చలిలో ఉన్నాను. మిల్లు చుట్టూ నడవకుండానే "అంతా ఠీక్" అని రాసిన రిజిస్టర్ మీద సంతకం పెట్టాను. అర్ధరాత్రి దాటాక ఒక బేరింగు కాలి మిల్లు నిలిచిపోయింది. ఐదు గంటలు. యార్డులో ఎడ్లబండ్ల వరుస రోడ్డు దాకా పాకింది. చలిమంటలు వేసుకుని కూర్చున్న రైతులు, మేత లేక మెడలు వాల్చిన ఎడ్లు.

మా పెద్ద ఇంచార్జీ పరుగున వచ్చాడు. నలుగురి ముందు ఒక్క మాట అనలేదు. ఫిట్టర్లతో పాటు తనూ చేతులు నల్లగా చేసుకుని పనిలో దిగాడు. మిల్లు మళ్లీ తిరిగాక నన్ను పక్కకు పిలిచాడు. "తమ్మీ, యార్డుల ఉన్న ప్రతి బండి కాడికి పో. ఎందుకు ఆగిందో నువ్వే చెప్పు." చెప్పాను. ఒక ముసలి రైతు నా మాట పూర్తిగా విని, "నా చెరుకు నిన్న పొద్దుగాల నరికిన బిడ్డా" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత నా కొలువంతా మిల్లు చుట్టూ నడవకుండా సంతకం పెట్టలేదు. మెమో ఇచ్చి ఉంటే కాగితం ఫైల్లో ఉండేది. ఆ ముసలాయన మాట నా లోపల ఉండిపోయింది.

ఇప్పటి తీరు చూడండి. పని చెప్పడమంటే మెసేజ్ పెట్టడం. "గ్రూపుల పెట్టిన సార్" అంటే చాలు, బాధ్యత తీరిపోయింది. యాభై మంది చూసిన మెసేజ్‌కు యాభై బొటనవేళ్లు జవాబు వస్తాయి, ఒక్క చెయ్యీ కదలదు. ఎవరికి పుట్టిన బిడ్డరా వెక్కి వెక్కి ఏడుస్తోంది అన్నట్టు పని నడిమధ్యలో ఏడుస్తుంటుంది. ఆరు నెలలకోసారి కాంట్రాక్టు మనుషులు మారిపోతారు. పెద్దసారుకు వాళ్ల పేర్లు తెలియవు. పాతవాడు ఎప్పుడు పోయాడో, కొత్తవాడికి ఏం చెప్పి పోయాడో ఎవరికీ పట్టదు. ఏడాది చివర మార్కులు వేస్తారు. ఎవరు ఎంత చేశారని చూస్తారు గాని, పక్కవాడికి ఎంత బాగా అందించారని ఏ కాగితంలోనైనా గడి ఉందా?

మా కాలమంతా బంగారమని అనను. నలిగిన వేళ్లు చూశాను, నోటికొచ్చినట్టు తిట్టిన ఇంచార్జీలనూ చూశాను. ఆడపిల్లలకు మిల్లు హౌస్‌లో పెత్తనం ఇవ్వాలన్న ఆలోచనే మాకు రాలేదు. అది మా తప్పే. ఫోను మీదా నాకు కోపం లేదు. కటింగ్ ఆర్డర్ ఫోనులో వస్తే రైతుకు ఒక తిరుగుడు తప్పుతుంది. కానీ మాట పంపడం వేరు, మాట చేరడం వేరు. ఆ తేడా తెలియనివాడి చేతిలో ఏ సాధనం పెట్టినా అంతే.

జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో తప్పు కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా తాడు లాగేవాడు, పెద్దవాడు అక్కడికే వచ్చేవాడు, సరిచేయలేకపోతే లైను ఆగేది. తప్పును తర్వాతి చేతికి అందించకూడదన్నదే ఆ తాడు అర్థం. దాన్ని ప్రపంచమంతా పుస్తకాల్లో చదువుతోంది. బేరింగు మీద అరచెయ్యి పెట్టిన మా ఇంచార్జీలు చేసిందీ అదే పని.

2002లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. అప్పటి నుంచి ఆ పొగగొట్టం చల్లగా ఉంది. ఈ చుట్టుపక్కల కాలువ కింది పొలాల్లో చెరకు పోయి వరి వచ్చింది. తిరిగి తెరిచే దారి చూడమని 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. తెరవాలనే నా కోరిక. కానీ ఒక సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

రసాన్ని మరిగించి చిక్కబరిచే పాన్ హౌస్‌లో చక్కెర గింజ కట్టే సమయాన్ని పాన్‌మ్యాన్ ఎలా కనిపెట్టేవాడో తెలుసా? పాన్‌లోంచి కాస్త తీసి గాజు ముక్క మీద పూసి దీపం వెలుగుకు పెట్టేవాడు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య లాగి తీగ చూసేవాడు. ఎప్పుడు రసం ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో ఆ వేళ్లు చెప్పేవి. ఏ మీటరూ అంత నమ్మకంగా చెప్పేది కాదు. అలాంటి వేళ్లున్నవాళ్లు ఈ బెల్టులో ఇంకా కొందరున్నారు. కొందరు నిజామాబాద్‌లో కొడుకుల దగ్గర ఉన్నారు, కొందరు సాయంత్రాలు హోటల్ ముందు బెంచీ మీద కూర్చుంటారు. ప్రతి ఏడాదీ ఒకరిద్దరు తగ్గుతున్నారు.

వాళ్ల షిఫ్టు దిగి చాలా ఏళ్లయింది. ఎక్కే షిఫ్టు ఇంకా రాలేదు. మిల్లు తిరిగేది ఎప్పుడైనా కానివ్వండి, ఇవాళే ఒక్కొక్కరి పక్కన ఒక పిల్లనో పిల్లగాడినో కూర్చోబెట్టండి. వాళ్లు చెప్పింది వినిపించండి, విన్నది తిరిగి చెప్పించండి. సంతకం ఆ తర్వాత పెట్టుకుందాం.