వీపుసంచి పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

రెండు పట్టెలందు రెండు భుజములుంచి
నడుము దాటకుండునట్టు లెత్తి
మూలమందు లేని మూటల విడచిన
వీపు నొవ్వదండ్రు విజ్ఞు లెల్ల.

విద్వద్గద్వాల అని పేరొందిన సంస్థానపు పండితసభలు అంతరించినా, ఆ గద్వాల జిల్లాలోని వడ్డేపల్లిలో బడిపిల్లల వీపులను గురించి శాస్త్రచర్చకు ఇంకా తావుంది గనుక ఈ ఆటవెలదికి వ్యాఖ్య వెలయింపబడుతున్నది.

టీక: రెండు పట్టెలందు = వెడల్పై, మెత్త గల రెండు భుజపట్టీలలో; రెండు భుజములుంచి = ఒక్క భుజాన వేలాడదీయక రెంటినీ దూర్చి; నడుము దాటకుండునట్టు లెత్తి = సంచి అడుగు నడుము కిందికి జారకుండ పట్టీలు బిగించి; మూలమందు లేని = ఆనాటి టైంటేబుల్‌లో లేని; మూటల = బరువులను; విడచిన = ఇంటనే వదలినచో; వీపు నొవ్వదు, అండ్రు = వీపు నొప్పి పెట్టదని అందురు; విజ్ఞు లెల్ల = ఫిజియోథెరపిస్టులు మొదలగు తెలిసినవారందరు.

తాత్పర్యము: సంచి కిందికి జారి వెనక్కి గుంజేకొద్దీ బాలుడు ముందుకు వంగుతాడు, ఒక్క పట్టీనే తగిలించుకుంటే ఆ భుజాన్ని పైకెత్తి పక్కకు ఒరుగుతాడు, బరువైన పుస్తకాలను వీపుకు ఆనేటట్టు సర్ది పట్టీలు బిగిస్తే ఈ రెండు వంకరలూ తగ్గుతాయి. సంచి వీపుకంటె పెద్దది కారాదన్నది పద్యంలో లేకున్నా గ్రహించవలెను. ఎదిగే పిల్లవాడని రెండేళ్లు ముందుచూసి కొనడం చొక్కాకు చెల్లుతుందిగాని, సంచిలో చోటున్నంత మేరా బరువు చేరుతుంది.

విశేషము: ‘మూలమందు లేని’ అన్నచోట మెదక్ సీమ కొల్చారపు మల్లినాథసూరి స్ఫురిస్తాడు. మూలంలో లేనిదీ, అవసరం కానిదీ వ్రాయనని ప్రతిజ్ఞ పట్టిన ఆ వ్యాఖ్యాతకు కాళిదాస కావ్యం మూలమైతే బాలునికి టైంటేబులే మూలం. పాఠ్యపుస్తకాలే టీకాసహితమైన కాలంలో ఈ నియమం మరీ అవసరం. 2022–23లో తెలంగాణ ప్రభుత్వం ఎదురెదురు పుటల్లో తెలుగు, ఇంగ్లీషు అచ్చువేసిన ద్విభాషా పుస్తకాలు తెచ్చినప్పుడు, లావెక్కిన వాటిని రెండు భాగాలు చేయవలసి వచ్చింది.

ఆక్షేపము: 2018లో 69 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్షకు, పిల్లల వెన్నునొప్పికి సంచే కారణమనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదు కదా అని పూర్వపక్షం. అది నిజమే గనుక ‘ఎల్ల’ అన్నది పాదపూరణకు వచ్చినదిగా ఎంచవలెను. అయినా మోసేటప్పటి ఆయాసం, భుజాల ఒరిపిడి అబద్ధాలు కావు.

ఇక ‘మూటల’ అను బహువచనంలో నీళ్లసీసా చేరునా అని సందేహం. 2017 జూలైలో తెలంగాణ విద్యాశాఖ ఒకటి, రెండు తరగతుల సంచికి కిలోన్నర, పదవ తరగతికి 5 కిలోలు హద్దు పెట్టింది. నిండు లీటరు సీసాను చేర్చి తూచితే ఒకటో తరగతి వానికి పలకా పుస్తకాలతో పాటు సంచికి కూడా మిగిలేది అరకిలో లోపే. కావున బడిలో మంచినీళ్ల నల్లా ఉన్నచోట సీసాలో దారికి సరిపడా మాత్రమే పోయవలెనని, లేనిచోట వడ్డేపల్లి ఎండను బట్టి నీళ్లు ఉంచి పుస్తకాలనే తగ్గించవలెనని నిర్ణయం.