ఐదింటికి లేస్తే అంతా బాగుపడిపోతుందట!

ఉదయం ఐదింటికి లేస్తే జీవితం మారిపోతుందట. అదే నిజమైతే ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఈపాటికి కోటీశ్వరులు తప్ప మరొకరు ఉండకూడదు. ఎందుకంటే శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికని వచ్చిన మనవాళ్లు తరాలుగా ఇక్కడ ఐదింటికేం ఖర్మ, రెండింటికీ మూడింటికీ లేస్తున్నారు. ఫోన్లు లేని రోజుల్లో కాల్‌బాయ్ అర్ధరాత్రి వచ్చి, తలుపు బాది, కాల్‌బుక్కు ముందు పెట్టి సంతకం చేయించుకుని మరీ వెళ్లేవాడు. ఏ బండి, ఎన్నింటికి డ్యూటీ ఎక్కాలి, అంతా అందులో రాసుండేది. ఇప్పుడా పని ఫోను చేస్తోంది. ఆ పుస్తకంలో సంతకం పెట్టినవాళ్లలో లక్షాధికారి అయినవాడు ఇంతవరకూ నా కంటపడలేదు. బీపీ మాత్రలు జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు మాత్రం ప్రతి వీధిలోనూ కంటపడ్డారు.

2018లో రాబిన్ శర్మ ఐదుగంటల క్లబ్బు మీద ఓ పుస్తకం రాసినప్పటినుంచీ ఈ తెల్లవారుజాము వ్యాపారం మరీ ముదిరింది. అది రీల్స్‌లోకి ఎక్కింది. రీల్స్‌లోంచి దిగి ఆదివారం పూట అద్దె హాళ్లలోకి వచ్చింది. లైఫ్ కోచ్ మారినా సరుకు మారదు. కోటు, చెవి పక్కనుంచి నోటిదాకా వంగిన మైకు, వెనకాల తెరమీద కొండెక్కుతున్న మనిషి బొమ్మ. ముందు అందరినీ నిలబెడతారు. పక్కవాడి భుజం తట్టి ‘నువ్వు అద్భుతం’ అనమంటారు. వెల్డింగు చేసీ చేసీ రిటైరైన పెద్దాయన పక్కనే నిలబడ్డ బావమరిదితో ఆ మాట అనలేక, నవ్వాపుకోలేక నానా అవస్థా పడతాడు. తర్వాత అసలు మంత్రం: ‘మీ సమస్య బయట లేదు, మీ లోపలే ఉంది. మీరు మారితే లోకం మారుతుంది.’ ఆఖర్న ప్యాకేజీలు. సిల్వరు, గోల్డు, డైమండు. సమస్య లోపలే ఉందట కానీ, మందు మాత్రం బయట కొనుక్కోవాలి.

ఇలాంటి హాల్లో వెనక వరసలోంచి ఓ గొంతు లేస్తుంది: “ఏటి బాబూ, నైటు డూటీ దిగి ఆరింటికి ఇంటికొస్తాను. మరి ఐదింటికి నెగమంటే ఎక్కడ నెగాలి? డూటీలోనా?” కోచ్ గారు చిరునవ్వు చెదరనివ్వకుండా, “సాకులు వెతికేవాళ్లకి దారి కనపడదండీ” అంటారు. హాలంతా చప్పట్లు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఇక అంకెలు. వీళ్లకి అంకెలంటే మహా ప్రీతి. మంత్రానికి కాస్త సైన్సు వాసన పట్టేది వాటివల్లే. రోజుకి 10,000 అడుగులు అంటారు. ఈ లెక్క ఏ వైద్యుల సంఘమో తేల్చిందనుకుంటాం. టోక్యో ఒలింపిక్స్ ఊపు ఇంకా తగ్గని 1965లో జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కబెట్టే పరికరం తయారుచేసి, దానికి ‘పదివేల అడుగుల మీటరు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మింది. అరవై ఏళ్లుగా లోకమంతా ఆ ప్రకటన వెంటే నడుస్తోంది. 21 రోజుల్లో అలవాటు పడుతుందన్నదీ ఇలాంటిదే. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. దారిలో ఎక్కడో ‘కనీసం’ జారిపోయింది. ముక్కు సంగతి కాస్తా బతుకు సంగతైంది. ఆ తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పెట్టుకుని చూస్తే లెక్క 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేలింది. సగటున 66. కానీ 254 రోజుల కోర్సని బోర్డు పెడితే ఎవరు చేరతారు?

నడక గురించి కీమన్‌కి చెప్పి చూడండి. సుత్తీ స్పానరూ మోసుకుంటూ, వదులైన కీలు బిగించుకుంటూ, ఎండైనా వానైనా రోజూ తన బీటంతా పట్టాల వెంట నడుస్తాడు. పార్కులో కాదు, కంకర మీద. కోచ్ లెక్క ప్రకారం ఆయన మోకాళ్లు దేశంలోకెల్లా ఆరోగ్యమైనవి కావాలి. మెట్లు దిగేటప్పుడు ఆయన ముఖం చూస్తే ఆ లెక్క ఎంత నిజమో తెలుస్తుంది.

‘ఈ క్షణంలో బతకండి’ అన్నది మరో పాఠం. లోకోపైలట్‌కి ఈ పాఠం చెప్పడానికి కోచ్ అక్కర్లేదు, ఇంజన్లోనే ఏర్పాటుంది. విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అంటారు. నిమిషం పాటు ఏ మీటా నొక్కకుండా, ఏ హ్యాండిలూ కదపకుండా కూర్చుంటే ముందు దీపం, ఆపైన బజరు. అప్పటికీ కదలిక లేకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. అది చాలదన్నట్టు, ఎదురొచ్చే ప్రతి సిగ్నల్ రంగునీ పైలటూ అసిస్టెంటూ చెయ్యి చూపించి ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. ఇంత ఎరుకతో ఏ ఆశ్రమంలో ఎవరు కూర్చున్నారు? మరి ఆ యంత్రం ఎందుకు పెట్టారంటే, ఎంతటి దీక్షాపరుణ్ణయినా నిద్ర పడగొడుతుందని ఇంజనీర్లకి తెలుసు కనక. సంకల్పం గట్టిదైతే నిద్ర దరి చేరదని కోచ్ నమ్ముతాడు. ఇంజనీరు నమ్మడు. రైలెక్కేటప్పుడు నేను ఇంజనీరు పక్షం.

ఖరగ్‌పూర్ వచ్చిన కోచ్ ధోనీ పేరెత్తకుండా వెళ్లడం కల్ల. 2001 నుంచి 2003 దాకా ఆయన ఇక్కడ టీటీఈ. ‘ఆ ఉద్యోగం పట్టుకు వేలాడితే ప్రపంచకప్పు వచ్చేదా? మీరూ కంఫర్ట్ జోన్ వదలండి’ అంటారు. వింటున్నవాళ్లకి పిల్లల ఫీజులూ, ఊళ్లో అమ్మానాన్నలకి పంపాల్సిన డబ్బూ గుర్తొస్తాయి. కోచ్ చెప్పని సంగతేమిటంటే, ఆ ఉద్యోగం వచ్చిందే స్పోర్ట్స్ కోటాలో. నెల తిరిగేసరికి జీతం, ఆడుకోవడానికి రైల్వే జట్టు ఇచ్చింది ఆ కంఫర్ట్ జోనే. 2004 డిసెంబరులో బంగ్లాదేశ్ మీద ఆడిన తొలి వన్డేలో ధోనీ సున్నాకి రనౌటయ్యాడు. ఆ తర్వాత కూడా సెలెక్టర్లు ఆడనిచ్చారు. కోటా, జీతం, జట్టు, మరో అవకాశం: ఇవన్నీ అవతలివాళ్లు ఇస్తేనే వచ్చేవి. ధోనీ ప్రతిభకి ఇందులో ఒక్క పరుగు కూడా తగ్గదు. కానీ ఉద్యోగం మానేసి ధోనీ కాలేకపోయినవాళ్ల కథ చెప్పడానికి ఏ కోచూ హాలు అద్దెకి తీసుకోడు.

డైమండ్ ప్యాకేజీవాళ్లకి మాత్రమే చెప్పే పరమ రహస్యం ఒకటుంది. గట్టిగా కోరుకుంటే విశ్వం ఇచ్చేస్తుందని. సంక్రాంతికి ఊరెళ్లాలి. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు 83. కళ్లు మూసుకుని, కన్ఫర్మ్ అయిపోయినట్టూ, కిటికీ పక్కన కాళ్లు చాపుకు కూర్చున్నట్టూ ఊహించుకోవాలి. చార్టు పడ్డాక చూస్తే 31. విశ్వం విన్నది కానీ బెర్తులు దాని చేతిలో లేవు. కోచ్‌ని అడిగితే ‘మీ నమ్మకంలో ఎక్కడో లోటుంది’ అంటాడు. ఫలిస్తే ఆయన గొప్ప, ఫలించకపోతే మన తప్పు. ఇలాంటి గ్యారంటీ మీద గోల్ బజార్లో మిక్సీ అమ్మజూపితే దుకాణంవాణ్ణి నిలబెట్టి కడిగేస్తాం.

ఆనందం మీద నిజమైన చదువే కావాలంటే ఊరు దాటక్కర్లేదు. ఆనంద శాస్త్రానికని ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 2016లో రేఖీ సెంటర్ పెట్టారు. ఆ ఐఐటీ 1951లో మొదలైంది హిజ్లీ నిర్బంధ శిబిరంలో. 1931 సెప్టెంబరు 16న అదే చోట నిరాయుధులైన ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ‘సమస్య బయట లేదు, మీ లోపలే ఉంది’ అని ఆ ఖైదీలకి నచ్చజెప్పే కోచ్ ఒకడు ఆనాడు దొరికి ఉంటే, తెల్లదొరలు శిబిరమంతటికీ డైమండ్ ప్యాకేజీ కొనేవాళ్లు. ఆనందాన్ని కొలిచేవాళ్లు కూడా ఆ మాట అనరు. ఏటా వచ్చే ప్రపంచ ఆనంద నివేదికనే తీసుకోండి. దేశానికీ దేశానికీ ఉన్న తేడాని ఆరు విషయాలతో వివరిస్తుంది: తలసరి ఆదాయం, ఆపదలో ఆదుకునే మనుషులు, ఆరోగ్యంగా బతికే ఏళ్లు, తన దారి తాను ఎంచుకునే స్వేచ్ఛ, దానగుణం, అవినీతి. ఐదింటికి లేవడం అందులో ఎంత వెతికినా దొరకదు.

నిద్ర గురించి దొరికేది వేరే ఉంది. ఒంట్లోని గడియారం ఎలా తిరుగుతుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కారకమని 2007లో జాబితాకెక్కించి, 2019లో మళ్లీ చూసి అదే మాట ఖాయం చేసింది. అంటే రోస్టరే రోగకారణం కావచ్చన్నమాట. దానికి కోచ్ చెప్పే తేనె కలిపిన నిమ్మరసం ఏపాటి?

అసలు ఈ ఊరికి ఆ కాస్త విశ్రాంతి అయినా ఎలా వచ్చింది? అద్దం ముందు నిలబడి ‘నేను అలసిపోలేదు’ అనుకుంటే రాలేదు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాల కోత మొదలైతే కార్మికులు పని ఆపి నిలబడ్డారు. ఆ కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులని కూడగట్టిన నాయకుడు మన వి.వి. గిరి, తర్వాత 1969లో రాష్ట్రపతి అయినవాడు. 1930లో చట్టం సవరించి రైల్వేలో పనిగంటలకి హద్దు పెట్టారు. 1974 మే నెలలో దేశమంతటా సుమారు 17 లక్షలమంది ఇరవై రోజులపాటు చేసిన సమ్మెలో ఎనిమిది గంటల పనిదినం ఒక ముఖ్య కోరిక. వీళ్లలో ఒక్కరూ తమ సమస్య తమ లోపల ఉందనుకోలేదు. అనుకుని ఉంటే ఈ రోజుకీ మనం పన్నెండు గంటల డ్యూటీలో కృతజ్ఞతా డైరీ రాసుకుంటూ ఉండేవాళ్లం.

నా కోపమంతా ఇక్కడే. కోచ్ మాట పనికిరానిదైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ అది కొందరికి భలే పనికొస్తుంది. 2024 జూన్ 17న ఉత్తర బెంగాల్లో రంగాపానీ దగ్గర కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ని వెనకనుంచి గూడ్సు గుద్దింది. లోకోపైలట్ సిగ్నల్‌ని లెక్కచేయలేదని ఆ రోజే పైనుంచి ప్రకటన వచ్చేసింది. ఆయన కాదనడానికి లేడు, ఆ ప్రమాదంలోనే పోయాడు. తీరా రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో, సిగ్నళ్లు పనిచేయనప్పుడు పైలట్ల చేతికి ఇవ్వాల్సిన కాగితమే సరైనది ఇవ్వలేదనీ, సిబ్బందికి శిక్షణ చాలలేదనీ తేలింది. అదే జూన్‌లో అసిస్టెంట్ లోకోపైలట్ పోస్టుల భర్తీ సంఖ్యని 5,696 నుంచి 18,799కి పెంచారు. అంటే పదమూడువేల పైచిలుకు పోస్టులు నింపాలన్న సంగతి ముందరి నోటిఫికేషన్ వేసినప్పుడు ఎవరికీ తట్టలేదు. తప్పు మనిషి లోపలే వెతికే అలవాటు ముదిరితే జరిగేది ఇదే: కాగితం ఇచ్చినవాడూ, శిక్షణ ఇవ్వనివాడూ, పోస్టు నింపనివాడూ హాయిగా ఐదింటిదాకా నిద్రపోతారు.

నడవద్దనీ, నీళ్లు తాగొద్దనీ నేననను. నడవండి. వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం చేయమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రోజుకి ఐదు గ్రాముల లోపు ఉప్పు అంటోంది. దానికి ఆవకాయ అన్నం ముందు కూర్చున్నప్పుడు కాస్త సంకల్పం కావాలి, ఒప్పుకుంటాను. మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ అది, పైసా తీసుకోదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇవన్నీ ఉచితం. కోచ్ గారి డైమండ్ ప్యాకేజీలో వీటికి మించిన ఆరోగ్యం లేదు, సెంటు వాసన తప్ప.

అయినా ఆయన పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. సరుకుని అమ్మాల్సిన చోట అమ్మమంటున్నాను, అంతే. రోస్టర్లు వేసేవాళ్లకీ, ఖాళీలు నింపాల్సినవాళ్లకీ, బడ్జెట్ల మీద సంతకాలు పెట్టేవాళ్లకీ కలిపి ఓ స్పెషల్ బ్యాచ్ పెట్టండి సార్. 21 రోజుల చాలెంజే ఇవ్వండి. మొదటి వారం, రెస్టులో ఉన్నవాడికి ఫోన్ చేయకుండా ఉండడం. రెండో వారం, బిడ్డకి జ్వరమని సెలవడిగినవాడికి లేదనకుండా ఉండడం. మూడో వారం, ఖాళీ పోస్టు కేసి చూసి ‘నువ్వు నిండగలవు’ అని పదిసార్లు అనడం కాకుండా, నింపడం. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబెట్టి ‘సమస్య బయట లేదు, నా లోపలే ఉంది’ అనిపించండి. మీరు ఇన్నాళ్లూ చెబుతున్న ఆ మాట అతికినట్టు సరిపోయే బ్యాచ్ ఇదొక్కటే. ఫీజుకి వెనకాడకండి, క్వార్టర్లన్నీ తిరిగి చందా వసూలు చేసి మేం కట్టుకుంటాం.