జొన్నలు మరిచి మైదా అట్లు

పల్నాటి దాచేపల్లిలో మధ్యాహ్నం భోజనానికి ఫ్రెంచి అట్లు పోసుకునే రోజులొచ్చాయి. మా ఇంట్లోనే వచ్చాయి. మనవరాలు ఫోను ముందు పెట్టుకుని మైదాలో పాలు, గుడ్లు, కరిగిన వెన్న కలిపి, నాన్‌స్టిక్ పెనం మీద పల్చగా తిప్పి, పుట్టగొడుగులు, చీజ్ పెట్టి మడుస్తుంది. క్రేప్ అట. అట్టుకు నేను అడ్డం చెప్పను. ఫ్రెంచివాళ్లకూ ఫిబ్రవరి 2న అట్ల పండగ ఉంది, మనకు అట్లతద్ది ఉన్నట్టే. నా బాధంతా ఆ మైదా దగ్గరే.

తీపి క్రేపులు గోధుమపిండివే, కాదనను. ఉప్పుగా, భోజనంలా తినేది మాత్రం ఫ్రాన్సుకు పడమటి కొసనున్న బ్రిటనీ వాళ్ల గాలెత్. అది బక్‌వీట్‌తో పోస్తారు. ఉత్తరాదిన ఉపవాసాలకు తినే కుట్టు పిండి ఉందే, ఆ గింజే. బ్రిటనీలో బీదనేలల్లో గోధుమ సరిగా పండేది కాదు. బక్‌వీట్ మూడు నాలుగు నెలల్లో చేతికొచ్చేది. పేదోళ్లు దాంతోనే బతికారు. పిండి, నీళ్లు, ఉప్పు, అంతే. కలిపి కొన్ని గంటలు నాననిచ్చి, బిలిగ్ అనే గుండ్రటి ఇనప పెనం మీద చెక్కబద్దతో లాగుతారు. గుడ్డు కొట్టి, చీజ్, పందిమాంసం పెట్టి నాలుగువైపులా మడుస్తారు.

మరి పల్నాడు సంగతేమిటి? మాదీ రాళ్లనేలే, వానకు మొహం వాచిన నేలే. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో మా జొన్నకూడును ఈసడించారు. మేం మాత్రం దాన్ని తినే ఎదిగాం. మా రోజుల్లో తెల్లారకముందే తిరగలి చప్పుడు వినపడేది. జొన్నపిండిని మజ్జిగతో జారుగా కలిపి, జీలకర్ర, పచ్చిమిరప, ఉల్లిపాయ తరిగి వేసేవాళ్లు. ఇనప పెనాన్ని సగం కోసిన ఉల్లిపాయతో, నూనెతో రుద్ది, పత్తికట్టె మంట మీద అట్టు పోస్తే అంచు కరకరలాడేది. పొలానికి రెండు అట్లు, ఇంత పండుమిరపకాయ పచ్చడి గుడ్డలో కట్టి పంపితే సాయంత్రం దాకా ఆకలి ఊసుండేది కాదు.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. కుడికాలువ పల్నాటి కరువు తీర్చింది, దానికి చెయ్యెత్తి దణ్ణం పెడతాను. అంతకుముందు వరన్నం పండక్కే. నీళ్లొచ్చాక అది రోజూ అయింది. వరి, పత్తి, మిరప పెరిగాయి, జొన్నచేలు తగ్గాయి. జొన్నన్నం తిన్నామని చెప్పుకోడానికి నామోషీ పడ్డారు. పశువులకు చొప్ప కూడా కరువైంది. నాకు మంట పుట్టించేది ఈ నామోషీయే. బ్రిటనీ వాళ్లూ మధ్యలో బక్‌వీట్ సాగు బాగా తగ్గించుకున్నారు. కానీ మళ్లీ నిలబెట్టుకుని, తమ ప్రాంతం పేరుతో ఆ పిండికి యూరప్‌లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మనమో? 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేయమని ఐక్యరాజ్యసమితిని అడిగింది మన దేశమే. ఇక్కడ జొన్నపిండి ప్యాకెట్ కొనేది మాత్రం షుగరొచ్చి, డాక్టరు రొట్టె తినమన్నాకే. మందులాగా తింటున్నారు, తిండిలాగా కాదు.

అమ్మాయ్, ఫ్రెంచి అట్టే కావాలంటే అసలు పద్ధతిలో పోద్దాం. గుప్పెడు మినప్పప్పు నానేసి రుబ్బి జొన్నపిండిలో కలుపు. జొన్నకు జిగురుండదు, మినప్పిండి పట్టి ఉంచుతుంది. రాత్రంతా నాననియ్యి. పొద్దున నీళ్లు పోసి జారుగా చేసుకో. ఇనప పెనం బాగా కాలాకే పొయ్యి, అంచు లేచేదాకా అట్లకాడ ముట్టుకోకు. పైన గుడ్డు కొట్టి మూతపెట్టు. చీజ్ వేసుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. పచ్చడి మాత్రం నేను నూరిన పండుమిరపకాయదే వెయ్యి.